మూడు పోర్టులున్నంత మాత్రాన మూడు మానిటర్లు రావు: తక్కువ ఖర్చులో ఏ దారి ఎవరికి

పోయిన ఎండాకాలం నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు నడిపే ఒక అక్క సీపీయూని ఆటోలో వేసుకొని నా దగ్గరికి వచ్చింది. పాత గ్రాఫిక్స్ కార్డు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నదట. వెనక వీజీఏ, డీవీఐ, హెచ్‌డీఎంఐ, మూడు పోర్టులూ ఉన్నాయి. రెండు మానిటర్లు పనికి, మూడోది కౌంటర్ బయటికి తిప్పి పెట్టడానికి. అప్లికేషన్‌లో పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ సరిగ్గా పడ్డాయో లేదో వచ్చినవాళ్లే చూసుకుంటే తర్వాత కరెక్షన్ల గొడవ ఉండదని ఆమె లెక్క. మంచి లెక్కే.

"మూడు ఉన్నయ్ గదా తమ్మీ, రెండే ఎందుకొస్తున్నయ్?" అంది. మూడోది ఆన్ చేస్తే ముందు వెలిగిన రెండింట్లో ఒకటి ఆరిపోతోంది. అమ్మినవాళ్లు కేబుల్ పోయిందన్నారట. అక్క రెండుసార్లు కేబుళ్లు మార్చింది. కేబుళ్లన్నీ బాగానే ఉన్నాయి. ఆ కార్డులోని చిప్ ఒకేసారి రెండు తెరలకే బొమ్మ పంపగలదు, మూడో పోర్టు కేవలం సౌకర్యం కోసం పెట్టింది. గోడకు మూడు నల్లాలు బిగించి లోపలి నుంచి రెండే పైపులు లాగితే ఎట్లా ఉంటుందో ఇదీ అంతే. ఏ రెండు తిప్పినా నీళ్లొస్తాయి, మూడోది తిప్పితే ఇంకోటి ఆగిపోతుంది.

గ్రాఫిక్స్ చిప్‌లు చేసే ఎన్విడియా కంపెనీలో 2010–12 నాటి ఫెర్మీ తరం చిప్‌లు దాదాపు అన్నీ ఇలాంటివే, రెండు తెరలు దాటవు. 2012లో కెప్లర్ తరం వచ్చాకే మూడు, నాలుగు తెరలు సాధ్యమయ్యాయి. దాని పోటీ కంపెనీ ఏఎండీ వాళ్ల రేడియాన్ కార్డుల్లో తిరకాసు ఇంకో రకం. 2009 నుంచి వచ్చిన కార్డులు మూడు తెరలు ఇచ్చేవి, కానీ వీజీఏ, డీవీఐ, హెచ్‌డీఎంఐల్లో ఏవైనా రెండే కలిసి పనిచేసేవి. మూడోది డిస్‌ప్లేపోర్ట్ నుంచే తీసుకోవాలి, లేదా లోపల సొంత చిప్ ఉన్న యాక్టివ్ కన్వర్టర్ పెట్టాలి. అందుకే కార్డు కొనేటప్పుడు పోర్టులు ఎన్ని అని అడగొద్దు, ఒకేసారి ఎన్ని తెరలు నడుస్తాయి అని అడగండి. కంపెనీ పేజీలో "గరిష్ఠ డిస్‌ప్లేలు" అనే అర్థం వచ్చే వరుస ఒకటి ఉంటుంది, షాపతను చెప్పినదాని కంటే దాన్ని నమ్మండి.

ఇంతకీ అక్క సమస్య ఎట్లా తీరిందంటే, ఆమె మదర్‌బోర్డు మీద దుమ్ము పట్టి, మూత కూడా తీయని హెచ్‌డీఎంఐ పోర్టు ఒకటుంది. బయోస్‌లో, అంటే విండోస్ రాకముందే తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో, ఒక ఆప్షన్ మార్చి మూడో మానిటర్‌ని దానికి పెట్టాను. ఖర్చు ఒక్క కేబుల్. అది కూడా ఆమె దగ్గర అప్పటికే రెండు ఎక్కువగా ఉన్నాయి!

కార్డు కంటే ముందు బోర్డు

చాలామంది ఇక్కడే డబ్బులు పోగొట్టుకుంటారు. ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉంటే ఆఫీసు పనికి రెండు, మూడు మానిటర్లకు ఏ కార్డూ అక్కర్లేదు. ఇంటెల్‌లో రెండో తరం దాకా రెండు తెరలు. 2012 నాటి మూడో తరం నుంచి మూడు. పన్నెండో తరం నుంచి నాలుగు. అయితే ఇవి చిప్‌కి ఉన్న సత్తా మాత్రమే. బోర్డు మీద ఉన్నవి రెండు పోర్టులే అయితే మీకు వచ్చేవీ రెండే. కంపెనీలు తీసేసిన పాత ఆఫీసు సీపీయూలు మన దగ్గర బాగా అమ్ముడుపోతాయి కదా, వాటిలో కొన్నింటి వెనక రెండు డిస్‌ప్లేపోర్టులు, ఒక వీజీఏ ఉంటాయి. అలాంటిది దొరికితే మూడు మానిటర్ల సంగతి అక్కడితో అయిపోయినట్టే.

ఒక జాగ్రత్త. బోర్డు మీద హెచ్‌డీఎంఐ కనిపించినంత మాత్రాన సంబరపడొద్దు. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు. ఏఎండీ రైజెన్ ప్రాసెసర్లలో 5600 లాంటి వాటికి ఉండదు, 5600జీకి ఉంటుంది. డెస్క్‌టాప్ 7000 సిరీస్ నుంచి ఎఫ్ లేనివాటిలో మామూలు పనికి సరిపడా గ్రాఫిక్స్ పెట్టేశారు. గ్రాఫిక్స్ లేని ప్రాసెసర్ ఉంటే బోర్డు పోర్టులు ఉత్త అలంకారమే.

కార్డు పెట్టగానే చాలా బోర్డులు తమ సొంత పోర్టులను ఆపేస్తాయి. వాటిని మళ్లీ లేపాలంటే బయోస్‌లోకి వెళ్లాలి. కొన్ని బోర్డుల్లో "ఐజీపీయూ మల్టీ మానిటర్" అని, కొన్నింటిలో "ఇంటర్నల్ గ్రాఫిక్స్" అని ఉంటుంది. దాన్ని ఎనేబుల్ చేసి సేవ్ చేస్తే బోర్డు పోర్టులు, కార్డు పోర్టులు కలిసి పనిచేస్తాయి. మీ బోర్డులో ఆ ఆప్షన్ ఉందో లేదో కార్డు కొనకముందే చూసుకోండి. ఉంటే రెండు తెరల కార్డుతో కూడా మూడు, నాలుగు మానిటర్లు నడుస్తాయి, మీ బడ్జెట్ సగానికి దిగుతుంది.

నాలుగు అడిగితే రెండు సరిపోయిన కథ

మిర్యాలగూడ వైపు ఒక రైస్ మిల్లులో కాంటా గదికి నాలుగు మానిటర్లు కావాలని సేటు కబురు చేశారు. ఒకటి కాంటా సాఫ్ట్‌వేర్‌కి, ఒకటి ట్యాలీకి, ఒకటి సీసీ కెమెరాలకి, ఇంకోటి లారీ డ్రైవర్‌కి బరువు కనపడేలా కిటికీ బయట. "మంచి గ్రాఫిక్స్ కార్డు చూడు తమ్మీ, పైసల గురించి ఆలోచించకు" అన్నారు. ఈ మాట వినగానే ఏ షాపువాడికైనా ప్రాణం లేచొస్తుంది.

వెళ్లి చూస్తే కెమెరాల రికార్డింగ్ పెట్టె (డీవీఆర్) అదే గదిలో బల్ల కింద ఉంది. దానికి సొంత హెచ్‌డీఎంఐ, సొంత మౌస్. కంప్యూటర్‌తో పనిలేకుండా మానిటర్‌ని నేరుగా దానికే పెట్టొచ్చు, పెట్టాలి కూడా. కంప్యూటర్ హ్యాంగ్ అయినా, ఆపేసినా కెమెరాలు కనపడుతూనే ఉంటాయి. ఇక లారీ డ్రైవర్‌కి కావాల్సింది బరువు అంకెలే. అందుకు కాంటా ఇండికేటర్‌కి నేరుగా కలిపే ఎర్ర అంకెల జంబో డిస్‌ప్లే వస్తుంది. ఎండలో మానిటర్ కనపడదు, వానకు తట్టుకోదు, పైగా పదిహేను మీటర్ల హెచ్‌డీఎంఐ కేబుల్ లాగితే బొమ్మ వస్తూ పోతూ ఉంటుంది. జంబో డిస్‌ప్లేకి ఆ బాధల్లేవు. మిగిలినవి కాంటా సాఫ్ట్‌వేర్, ట్యాలీ. బోర్డుకి వీజీఏ, హెచ్‌డీఎంఐ రెండూ ఉన్నాయి. సేటుకి గ్రాఫిక్స్ కార్డే అక్కర్లేకపోయింది. నేను ఏదో పని తప్పించుకుంటున్నానని ఆయనకు చాలాసేపు అనుమానం.

మిల్లుల్లో ఇంకో సంగతి ఉంది, తవుడు. ఆ సన్నటి పొడి కార్డు ఫ్యాన్‌లో చేరి ముద్ద కడుతుంది. ఆర్నెల్లు తిరిగేసరికి ఫ్యాన్ గీరుకుంటూ శబ్దం చేస్తుంది, తర్వాత ఆగిపోతుంది. అలాంటి చోట ఫ్యాన్ లేని కార్డే నయం. కానీ దాని హీట్‌సింక్ రెక్కల మధ్య కూడా తవుడు పేరుకుంటుంది కాబట్టి నెలకోసారి బ్లోయర్ కొట్టాలి. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు రేకుల షెడ్డులో పెట్టిన సీపీయూకి ఇది మరీ ముఖ్యం.

కొత్త కార్డులు: ఏది దేనికి

బోర్డు పోర్టులతో పని జరగదని తేలాకే ఇక్కడికి రండి.

మన దగ్గర షాపులో అడిగితే ముందు చేతికొచ్చేది జీటీ 710. కెప్లర్ చిప్, 19 వాట్లు, పవర్ కేబుల్ అక్కర్లేదు, సన్న పెట్టెల్లో కూడా పడుతుంది. దాని హెచ్‌డీఎంఐ పాత 1.4 రకం, 4కే టీవీకి పెడితే 30 హెర్ట్జ్ దగ్గర ఆగుతుంది. అంటే మౌస్ బాణం మీ చెయ్యి వెనక ఈడ్చుకుంటూ వస్తున్నట్టు ఉంటుంది. మామూలు 1080పీ మానిటర్లకు ఆ ఇబ్బంది లేదు. అసలు ఇబ్బంది డ్రైవర్లతో, అంటే కార్డుని విండోస్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్‌తో. కెప్లర్ డెస్క్‌టాప్ కార్డులకు ఎన్విడియా 2021లో కొత్త డ్రైవర్లు ఆపేసింది, సెక్యూరిటీ సవరణలు కూడా 2024 సెప్టెంబరుతో అయిపోయాయి. ఈ రోజు కొత్త డబ్బా విప్పి పెట్టినా లోపల ఉన్నది వదిలేసిన సరుకే. ఎవరైనా ఊరికే ఇస్తే పెట్టుకోండి, డబ్బులు పెట్టి కొత్తది కొనమని మాత్రం నేను చెప్పను. ఆసుస్ నాలుగు హెచ్‌డీఎంఐలతో ఒక జీటీ 710 తెచ్చింది, నాలుగు మానిటర్లకు అది ముచ్చటైన ఆలోచన. కానీ డ్రైవర్ల సంగతి దానికీ అంతే.

జీటీ 730 ఇంకా గందరగోళం. అదే పేరుతో ఫెర్మీ చిప్ ఒకటి, కెప్లర్ చిప్‌లు వేరే మెమరీలతో రెండు అమ్మారు. డబ్బా మీద తేడా తెలియదు. వదిలేయండి.

జీటీ 1030 2017లో వచ్చింది. 30 వాట్లు, 4కేని 60 హెర్ట్జ్‌లో ఇస్తుంది, చాలా మోడళ్లకు ఫ్యాన్ ఉండదు. కానీ ఇచ్చేది రెండు తెరలే. హెచ్‌డీఎంఐతో పాటు మోడల్‌ని బట్టి డీవీఐ గానీ డిస్‌ప్లేపోర్ట్ గానీ. డిస్‌ప్లేపోర్ట్ ఉన్నదే తీసుకోండి. బోర్డు పోర్టులు కలిసొచ్చే సిస్టమ్‌కి ఇది చక్కటి జోడీ. అదే పేరుతో డీడీఆర్4 మెమరీది కూడా ఉంది, ఆటలకు బాగా నెమ్మది, బిల్లింగ్ పనికైతే తేడా తెలియదు. దీనికి కొత్త ఫీచర్ల డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆగాయి, సెక్యూరిటీ సవరణలు 2028 అక్టోబరు దాకా ఇస్తామని ఎన్విడియా చెప్పింది.

రేడియాన్ ఆర్ఎక్స్ 6400 దానికంటే చాలా బలమైనది, 53 వాట్లలోనే నడుస్తుంది. అయినా రెండు తెరలే. పైగా ఈ రెండు కార్డులకూ ఒకే లోటు, వీడియోని కుదించి సేవ్ చేసే భాగం (వీడియో ఎన్‌కోడర్) లేదు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లకు, స్క్రీన్ రికార్డింగ్‌తో యూట్యూబ్ పాఠాలు చేసేవాళ్లకు ఇది పెద్ద లోటే. వాళ్లకు జీటీఎక్స్ 1650 మేలు. 2019ది, 75 వాట్లు, సాధారణంగా మూడు పోర్టులు, మూడూ కలిసి నడుస్తాయి. కొన్ని మోడళ్లకు ఆరు పిన్నుల పవర్ కేబుల్ కావాలి, మీ సప్లైలో అది ఉందో లేదో ముందే చూసుకోండి. ఇంటెల్ ఆర్క్ ఏ310, ఏ380 కార్డుల చిప్‌కి నాలుగు తెరల సత్తా ఉంది, వీడియో ఎన్‌కోడింగ్ కూడా అద్భుతం. కాకపోతే వాటికి రీసైజబుల్ బార్ అనే సౌకర్యం ఉన్న కొత్త బోర్డు ఉండాలి. పాత సీపీయూలో పెడితే ఆ డబ్బుకు న్యాయం జరగదు.

ఇక్కడ ఒక ముచ్చట. షాపులో "మానిటర్లు ఎక్కువ కదా, 4 జీబీ కార్డు తీసుకోండి" అంటారు. ఒక 1080పీ తెర మీది బొమ్మ నిలవడానికి కావాల్సిన మెమరీ ఎంతో లెక్కేద్దాం. 1920ని 1080తో, దాన్ని ఒక్కో చుక్కకు 4 బైట్లతో గుణిస్తే సుమారు 83 లక్షల బైట్లు, అంటే దాదాపు 8 ఎంబీ. నాలుగు తెరలకు 32 ఎంబీ. విండోస్, బ్రౌజర్ ఇంకా కొంత వాడుకుంటాయి, సరే, అయినా ఆఫీసు పనికి 2 జీబీ పుష్కలం. ఎక్కువ జీబీ వల్ల ఒక్క మానిటర్ కూడా అదనంగా రాదు.

మూడు, నాలుగు ఖచ్చితంగా కావాలంటే: సెకండ్ హ్యాండ్ క్వాడ్రో

నా ఓటు దీనికే. పెద్ద ఆఫీసుల వర్క్‌స్టేషన్ల నుంచి తీసేసిన ఎన్విడియా చిన్న క్వాడ్రో కార్డులు సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో దొరుకుతుంటాయి. పీ400కి మూడు మినీ డిస్‌ప్లేపోర్టులు, 30 వాట్లు. పీ620కి నాలుగు, 40 వాట్లు. వీటి తర్వాతి తరం టీ400కి మూడు, టీ600కి నాలుగు. ఇవన్నీ అరచేతిలో పట్టేంత కార్డులు, పవర్ కేబుల్ అక్కర్లేదు. ఎన్ని పోర్టులుంటే అన్ని తెరలు నిజంగానే వెలుగుతాయి, ఎందుకంటే ఇవి ఆఫీసు వర్క్‌స్టేషన్ల కోసం చేసినవి. షేర్ల చార్టులు నాలుగు పక్కపక్కన చూడాలనుకునే తమ్ముళ్లకు కూడా ఇదే చెబుతాను. చార్టులు నాలుగైతే లాభం నాలుగింతలు కాదనేది వేరే సంగతి.

కొనేటప్పుడు మూడు విషయాలు చూసుకోండి. మొదటిది, కార్డు వెనక రేకు. సన్న పెట్టెకు పొట్టి రేకు, పెద్ద క్యాబినెట్‌కి పొడుగుది కావాలి. అమ్మేవాళ్లు ఒకటే ఇస్తారు, రెండోది అడిగి తీసుకోండి. అది లేకుంటే కార్డు స్లాట్‌లో ఊగుతూ ఉంటుంది, కేబుల్ లాగినప్పుడల్లా తెరలు ఆరతాయి. రెండోది, కన్వర్టర్ల ఖర్చు. ప్రతి మానిటర్‌కి మినీ డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకో వీజీఏకో మార్చేది ఒకటి కావాలి. నాలుగు కొంటే కార్డు ధరకు గట్టిగానే కలుస్తుంది, కలిపి బేరమాడండి. మూడోది, ఎన్‌వీఎస్ 510 అని నాలుగు మినీ పోర్టులతో ఇంకా చవగ్గా ఒకటి చూపిస్తారు. అదీ పాత కెప్లర్ చిప్పే, పైన చెప్పిన డ్రైవర్ల గోలే.

సెకండ్ హ్యాండ్ అన్నాక మోసం ఉంటుంది. పాత కార్డు లోపలి సాఫ్ట్‌వేర్ (కార్డు బయోస్) మార్చేసి పెద్ద పేరు చూపించేలా చేసినవి బజార్లో ఉన్నాయి. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌ని పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి షాపులోనే రన్ చేయించండి. నకిలీ అయితే చాలాసార్లు అది పేరు ముందే ఫేక్ అని చూపిస్తుంది. ఒక్క మానిటర్‌తో చూసి సరే అనొద్దు, అన్ని పోర్టులూ ఒక్కొక్కటిగా పెట్టించి చూడండి. నల్లగొండ నుంచి మళ్లీ వంద కిలోమీటర్లు తిరిగి పోవడం కంటే అక్కడ ఇంకో పది నిమిషాలు నిలబడటం నయం.

మిగతా దారులు

హెచ్‌డీఎంఐ స్ప్లిటర్ అదనపు తెర ఇవ్వదు, ఉన్న బొమ్మనే రెండు చోట్ల చూపిస్తుంది. కోచింగ్ సెంటర్‌లో రెండు టీవీలకు అదే పాఠం కావాలంటే సరైన వస్తువు అదే, ఇంకేదీ కొనొద్దు. కౌంటర్ దగ్గర మాత్రం ఆలోచించండి, మీ తెర మీద ఉన్నదంతా, ఇంకొకరి ఆధార్ వివరాలతో సహా, బయటవాళ్లకు కనపడుతుంది.

యూఎస్‌బీ నుంచి హెచ్‌డీఎంఐ ఇచ్చే అడాప్టర్లలో డిస్‌ప్లేలింక్ చిప్ ఉన్నవి నమ్మదగ్గవి. బొమ్మ తయారీ భారం ప్రాసెసర్ మీద పడుతుంది కాబట్టి ట్యాలీకి, ఎక్సెల్‌కి పనికొస్తాయి, వీడియోకి తడబడతాయి. ఓటీటీ యాప్‌లు కొన్ని నల్ల తెర చూపిస్తాయి. ల్యాప్‌టాప్‌కి ఇంకో దారి లేనప్పుడు తీసుకోండి. డెస్క్‌టాప్‌కి అదే డబ్బుతో కార్డు మేలు.

డిస్‌ప్లేపోర్ట్ 1.2 నుంచి ఒకే పోర్టులోంచి రెండు, మూడు మానిటర్లు తీసే ఎంఎస్‌టీ హబ్‌లు కూడా ఉన్నాయి. కార్డు తెరల పరిమితి అప్పుడూ మారదు. మంచి హబ్ ధర సెకండ్ హ్యాండ్ క్వాడ్రో ధరకు దగ్గరగా ఉంటుంది, అందుకే నేను పెద్దగా వాడలేదు.

తీగల దగ్గర జరిగే పొరపాట్లు

పాత వీజీఏ మానిటర్లే మన షాపుల్లో ఎక్కువ. కార్డు డీవీఐ పోర్టు నుంచి వీజీఏ తీయాలంటే ముందు ఆ పోర్టులోకి తొంగి చూడండి. ఒక చివర అడ్డంగా చదునైన సందు ఉంటుంది. దాని చుట్టూ నాలుగు చిన్న రంధ్రాలుంటే డీవీఐ-ఐ, చవక పిన్ కన్వర్టర్ పనిచేస్తుంది. రంధ్రాలు లేకుండా సందు మాత్రమే ఉంటే డీవీఐ-డీ, దానికి ఆ కన్వర్టర్ దూరదు. కొందరు పిన్నులు విరిచి మరీ దూరుస్తారు, దూరినా బొమ్మ రాదు. ఆ కార్డుకి లోపల చిప్ ఉన్న కన్వర్టరే కావాలి.

డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లే మామూలు కేబుల్ ఒకవైపే పనిచేస్తుంది, కార్డు వైపు డిస్‌ప్లేపోర్ట్, మానిటర్ వైపు హెచ్‌డీఎంఐ. తిప్పి పెడితే ఏమీ రాదు. ఈ ఒక్క కేబుల్ వల్ల "కార్డు పోయింది" అని నా దగ్గరికి వచ్చినవాళ్లు తక్కువేం కాదు.

కరెంటు సంగతి కూడా. 22 అంగుళాల ఎల్ఈడీ మానిటర్ ఒక్కోటి సుమారు 20 నుంచి 25 వాట్లు లాగుతుంది. నాలుగూ అదే 600 వీఏ యూపీఎస్‌కి పెడితే మోస్తుంది గానీ, కరెంటు పోయాక సేవ్ చేసుకునే టైమ్ బాగా తగ్గుతుంది. పనిచేసే మానిటర్ ఒక్కటే యూపీఎస్‌కి పెట్టి మిగతావి నేరుగా గోడ ప్లగ్గుకి పెట్టండి.

చివరగా పాలమూరు న్యూటౌన్‌లో ఆల్బమ్ డిజైన్ చేసే ఒక తమ్ముడి సంగతి. ఫొటోషాప్‌కి ఒక తెర, ఫొటోలు ఏరుకోవడానికి ఒకటి, పెళ్లివాళ్లకు చూపించడానికి 32 అంగుళాల టీవీ. పీ400 ఇప్పించాను, మూడూ వెలిగాయి. వారం తర్వాత ఫోన్ చేశాడు. "అన్నా, టీవీల నల్ల సూటు బూడిద రంగు కొడ్తుంది. పెండ్లికొడుకు నాయిన నా ఎడిటింగే బాలేదంటుండు." కార్డులో తప్పేం లేదు. హెచ్‌డీఎంఐలో టీవీ కనపడగానే డ్రైవర్ దానికి తగ్గించిన రంగుల రేంజ్ పంపుతుంది, ఈ టీవీ ఏమో పూర్తి రేంజ్ వస్తుందనుకొని చూపిస్తోంది. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో రిజల్యూషన్ పేజీ కిందికి దిగితే అవుట్‌పుట్ డైనమిక్ రేంజ్ అని ఉంటుంది, దాన్ని ఫుల్‌కి మార్చమన్నాను. మార్చాడు. ఫోన్ పెట్టకుండానే ఆ పెద్దాయన్ని పిలిచి సూటు మళ్లీ చూపించాడు.